టీ మానితే తీరే అప్పులు కావివి

సంపాదక మహాశయులకు నమస్కారం.

అప్పుల్లో ఉన్న కుటుంబాలకు పత్రికల్లోనూ టీవీల్లోనూ ఇచ్చే సలహాలు చాలాకాలంగా ఒకే దారిన నడుస్తున్నాయి. బయట టీ మానండి, సినిమాలు తగ్గించండి, జీతం అందగానే ఐదో వంతు పక్కన పెట్టండి అంటారు. నేను తిరుపతి కొర్లగుంటలో అద్దె ఇంట్లో ఉంటూ ఒక మందుల దుకాణంలో బిల్లులు రాసే మనిషిని. మాలాంటి ఇళ్లలో కోయడానికి మిగిలింది చాలా కొద్ది. అసలు డబ్బు పోయేది ఒక అప్పుకూ మరో అప్పుకూ ఉన్న వడ్డీ తేడాలో, వాయిదా తేదీల్లో. దాన్ని లెక్క వేసి చూపేవారు కనబడటం లేదు. అందుకే మా ఇంటి లెక్కను దాచకుండా ఇక్కడ పెడుతున్నాను. పేరు మాత్రం ప్రచురించవద్దని మనవి.

మావారు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గుమాస్తా. ఆయన జీతం 14,000 రూపాయలు, నాది 11,500. అత్తగారి వృద్ధాప్య పింఛను 4,000. అన్నీ కలిపితే నెలకు 29,500. ఖర్చు చూస్తే అద్దె 6,500, కిరాణా 5,500, కూరగాయలు 2,000, పాలు 1,500, అత్తగారి మందులు 1,400, పెట్రోలు, రాకపోకలు 1,200, పాలిటెక్నిక్ చదివే అబ్బాయికి 1,000, ఫోన్ల రీచార్జి 700, కరెంటు 650. మొత్తం 20,450. రేషను బియ్యం, దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ఉండబట్టి ఈ మాత్రానికి ఆగింది. జ్వరాలకూ, పండుగలకూ, పెళ్లి చదివింపులకూ ఒక వెయ్యి పక్కన పెడితే అప్పులకు మిగిలేది 8,000. ఇందులో ఏ ఖర్చును ఎంత కోయమంటారో సలహాలిచ్చే పెద్దలు చెప్పాలి.

మావారికి రోడ్డు ప్రమాదంలో కాలు విరిగింది. ఆపరేషన్ ఖర్చు చాలావరకు ప్రభుత్వ పథకం కింద గడిచింది. కానీ ఆయన మంచం మీద ఉన్న మూడు నెలలూ జీతం లేదు. అద్దె ఆగదు, అత్తగారి మాత్రలు ఆగవు. అప్పులన్నీ ఆ మూడు నెలల్లో పుట్టినవే. అప్పు చేసి పప్పుకూడు తిన్నారని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మా వీధిలో అప్పున్న ఇళ్లలో చాలావాటికి వెనక ఒక ఆసుపత్రి చీటీయో, కాలేజీ ఫీజు రసీదో ఉంటుంది.

ఆయన లేచి తిరిగే నాటికి పరిస్థితి ఇది. డైలీ ఫైనాన్స్ 20,000, రోజుకు 200 చొప్పున నెలకు 6,000 కట్టాలి. ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో నగలు పెట్టి తెచ్చిన 90,000కు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు 1,800 వడ్డీ. క్రెడిట్ కార్డు మీద 38,400, కనీసం కట్టాల్సింది 1,920. మోటారు సైకిల్ వాయిదా 2,300. ఇవికాక మా చిన్నాన్న వడ్డీ లేకుండా సర్దిన 30,000. ఆయన అడగలేదు కాబట్టి దాన్ని పక్కన ఉంచుదాం. మిగతావి కలిపితే నెలకు 12,020. చేతిలో ఉన్నది 8,000. ఎంత పొదుపుగా బతికినా నెలకు 4,000 తగ్గుతుంది. ఆ 4,000 కోసం మరో అప్పు, దానికి మరో వాయిదా.

దుకాణంలో సరుకు లెక్క రాసే పద్ధతిలోనే ఇంట్లో ఒక పొడవాటి పుస్తకం పెట్టి అప్పులన్నీ రాశాను. ఎవరికి బాకీ, ఎంత, ఎప్పుడు కట్టాలి అన్నవి ఎవరైనా రాస్తారు. నేను వీటికి తోడు మరో గడి గీశాను. అప్పు తీసుకున్న రోజు చేతికి నిజంగా ఎంత అందింది అన్నది అందులో రాశాను. ఆ గడి నింపుతుంటే ఒక్కొక్క అప్పు అసలు రూపు బయటపడింది.

డైలీ ఫైనాన్స్ సంగతే చూడండి. లీలామహల్ సెంటరు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్న మా పక్కింటావిడ మొదలు, పూలమ్మేవారు, ఆటోవాళ్లు, చిన్న దుకాణాలవారు దీనిమీదే నడుస్తున్నారు. 10,000 అప్పు అని రాసుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున నూరు రోజులు కట్టాలి. అరచేతిలో పట్టే ఒక అట్టకార్డు ఇస్తారు. దాని మీద ఒకటి నుంచి నూరు దాకా గళ్లుంటాయి. రాత్రి బండి కట్టేసే వేళకు కుర్రాడు వచ్చి, వంద తీసుకుని, గడిలో సంతకం గీకి వెళతాడు. పదివేలకు వెయ్యే కదా వడ్డీ, నూటికి పది రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ఆ వెయ్యి పడుతున్నది ఏడాదికి కాదు, నూరు రోజులకు. పైగా రెండో రోజు నుంచే అసలు తిరిగి ఇచ్చేస్తున్నాం కాబట్టి సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. లెక్క సరిగా వేస్తే ఇది ఏడాదికి సుమారు 78 శాతం, అంటే నూటికి నెలకు ఆరు రూపాయల పైమాట. ఆరు రూపాయల వడ్డీకి అప్పిస్తాం అని నేరుగా చెబితే మా పక్కింటావిడ ఆ గుమ్మం తొక్కదు. రోజుకు వంద అన్నారు కాబట్టి కార్డు నిండగానే మరో కార్డు తీసుకుంటోంది.

ఇక్కడ చాలామంది పడే చిక్కు ఒకటుంది. ఎక్కువ వడ్డీ ఉన్న అప్పును ముందు తీర్చమని అందరూ చెబుతారు. మాట సరైనదే. కానీ ఈ డైలీ అప్పులో వడ్డీ మొదటి రోజే కోసేసుకున్నారు. సగంలో తెచ్చి మొత్తం కట్టినా మా ఫైనాన్స్ ఆయన ఒక్క రూపాయి తగ్గించనన్నాడు. అలాంటప్పుడు ముందే తీర్చి ఒరిగేదేమీ లేదు. దాన్ని చివరి గడి దాకా కట్టుకుంటూ వెళ్లి మళ్లీ తిరగరాయకుండా ఆపడమే మేలు. పరుగున తీర్చాల్సింది క్రెడిట్ కార్డు అప్పును.

కార్డు అప్పు ఎందుకంత చెడ్డదో ఆ బిల్లే చెబుతుంది. నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. 38,400 మీద నెల వడ్డీ 1,344. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, మరో 242. బిల్లులో పెద్ద అక్షరాలతో వేసిన కనీస మొత్తం 1,920 కడితే అసలులో తగ్గేది 334 రూపాయలు. అంతేకాదు, బాకీ ఒక్కసారి మిగిల్చితే ఆ తరువాత కార్డుతో కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కనీస మొత్తం కట్టినవారు తాము అప్పు తీరుస్తున్నామనే అనుకుంటారు.

నేను పట్టణ పొదుపు సంఘంలో సభ్యురాలిని. మా సంఘం అప్పుకు నూటికి రూపాయి వడ్డీ. 50,000 అడిగాను. ఇద్దరు సభ్యులు వద్దన్నారు. వారిది తప్పని నేననను. ఒకరు కట్టకపోతే మిగతా అందరి మీదా పడుతుంది, పైగా సంఘం అప్పు వ్యాపారానికి తీసుకోవాలి గాని పాత అప్పు తీర్చడానికేమిటి అన్నది వారి ప్రశ్న. నా లెక్కల పుస్తకం సమావేశంలో చాప మీద పెట్టి ప్రతి గడీ చదివి వినిపించాను. రేపటి నుంచి నెలకు ఎంత తగ్గుతుందో, సంఘానికి ఎక్కడి నుంచి కడతానో చూపాక ఒప్పుకున్నారు. చంద్రగిరి, పాకాల వైపు పల్లెల్లోని అక్కచెల్లెళ్లకు ఒక మాట చెప్పాలి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద సంఘాలకు బ్యాంకులిచ్చే అప్పును అధిక వడ్డీ అప్పులు తీర్చుకోవడానికి వాడుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాల్లోనే ఉంది. సమావేశంలో అడగడానికి సంకోచించనక్కర్లేదు.

సంఘం ఇచ్చిన డబ్బులో 38,400తో కార్డు మొత్తం కట్టి మూసివేయించాను. మిగిలిన 11,600 ఇంట్లోనే విడిగా పెట్టి, డైలీ కుర్రాడికి రోజుకు 200 అందులోంచే ఇచ్చుకుంటూ వచ్చాం. డైలీ అట్టకార్డు నిండిన రోజున ఫైనాన్స్ ఆయన తానే ఫోను చేసి ఈసారి 30,000 ఇస్తానన్నాడు. వద్దన్నాం.

బంగారం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మన జిల్లాలో ఎంత పేద ఇల్లయినా కాస్తో కూస్తో తాకట్టులో ఉండేది బంగారమే. ప్రైవేటు ఫైనాన్స్‌లో మా నగల మీద నెలకు రెండు రూపాయలు కడుతున్నాం. అదే నగ మీద బ్యాంకు ఏడాదికి 10 శాతానికి, అంటే నూటికి నెలకు 83 పైసలకు ఇస్తానంది. 1,800 కట్టేచోట 750. నెలకు 1,050 మిగులు. రోజుకు రెండు టీలు మానితే నెలకు ఆరువందలు మిగలవచ్చు. ఒక నగను ఒక వీధి నుంచి ఇంకో వీధికి మార్చితే అంతకు దాదాపు రెట్టింపు మిగులుతోంది, నోరు కట్టుకునే పని లేకుండా.

మరి అందరూ ఎందుకు మార్చుకోరు? నగ చూడందే బ్యాంకు డబ్బివ్వదు, డబ్బు చూడందే ఫైనాన్స్‌వాళ్లు నగ ఇవ్వరు. ఆ మధ్యలో ఒక్క పూటకు 90,000 కావాలి. మా తమ్ముడు చీటీ పాడుకున్న డబ్బు ఆ పూటకు చేబదులిచ్చాడు. పొద్దున నగ విడిపించాం, మధ్యాహ్నం బ్యాంకులో పెట్టాం, సాయంత్రానికి తమ్ముడి డబ్బు తమ్ముడికి ఇచ్చేశాం. అలా ఒక్క పూట సర్దే మనిషి లేక ఏళ్ల తరబడి రెండు రూపాయల వడ్డీ కట్టేవారిని, కట్టలేక నగ వేలానికి పోగొట్టుకున్నవారిని నేను ఎరుగుదును. కొన్ని బ్యాంకులు తామే బాకీ కట్టి నగ తెచ్చుకునే ఏర్పాటు చేస్తున్నాయి. ప్రతి శాఖలోనూ ఆ ఏర్పాటు ఉండాలి, ఉందని తెలుగులో గోడ మీద రాయాలి.

బంగారం ధర పెరిగిన కొద్దీ మరో ఒత్తిడి వస్తోంది. మీ నగకు ఇంకా డబ్బు వస్తుంది, తీసుకోండి అని ఫోన్లు చేస్తారు. 2.5 లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో నిబంధనలు మార్చింది. అత్యవసరంలో ఉన్నవారికి అది మేలే. కానీ విలువకు అంత దగ్గరగా అప్పు తీసుకుంటే, ధర కాస్త తగ్గినా వడ్డీ కాస్త పేరుకున్నా నగ చేజారడానికి ఎంతో కాలం పట్టదు. మేము తీసుకోలేదు.

తేదీల సంగతి చిన్నదిగా కనబడుతుంది గాని కాదు. లాడ్జి జీతం ఏడో తేదీకి గాని పదో తేదీకి గాని వస్తుంది. బండి వాయిదా ఐదో తేదీ. ఖాతాలో డబ్బు లేక ఒకసారి వాయిదా వెనక్కి పోతే ఫైనాన్స్ కంపెనీ ఒక చార్జీ, బ్యాంకు ఇంకో చార్జీ వేసి, రెండూ కలిపి వెయ్యికి పైగా తీసుకున్నాయి. రెండు రోజుల ఆలస్యానికి అది. తేదీ మార్చమని అర్జీ ఇచ్చి, పట్టువదలకుండా తిరిగితే పన్నెండో తేదీకి మార్చారు. కార్డు ఉన్నవారు బిల్లు తేదీని కనీసం ఒకసారి మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమమే ఉంది. తిరుపతిలో సగం మంది జీతాలూ బేరాలూ యాత్రికుల రద్దీని బట్టే ఉంటాయి. సెలవుల్లో, బ్రహ్మోత్సవాల్లో చేతిలో డబ్బు ఆడుతుంది, పిల్లల పరీక్షల కాలంలో లాడ్జి గదులు ఖాళీగా పడి ఉంటాయి. వాయిదా మాత్రం పన్నెండు నెలలూ ఒకే అంకె. రద్దీ నెలల్లో ఎక్కువ, ఖాళీ నెలల్లో తక్కువ కట్టే పద్ధతి ఇక్కడి బ్యాంకులు ఎందుకు ఆలోచించవు? రైతుకు పంటను బట్టి గడువు ఇస్తున్నారు కదా.

వసూలు చేసేవారి గురించి కూడా రాయాలి. కార్డు బాకీ ఉన్న రోజుల్లో ఒకతను ఉదయం ఏడు దాటీ దాటకముందే ఫోను చేసేవాడు, ఒకసారి లాడ్జి మేనేజరుకు కూడా చేశాడు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత వసూలు ఫోన్లు చేయకూడదనీ, బంధువులనూ స్నేహితులనూ వేధించకూడదనీ రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. సూక్ష్మరుణాలకైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. ఆ మాట చెప్పి, ఫోను వచ్చిన సమయాలు రాసి బ్యాంకుకు ఫిర్యాదు పంపాక ఆ ఫోన్లు ఆగాయి. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. ఫోన్ యాప్‌లలో అప్పు తీసుకుని, ఫొటోలు మార్చి పంపుతామని బెదిరింపులు ఎదుర్కొంటున్న పిల్లలు మన ఊళ్లోనూ ఉన్నారు. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితా జోలికే పోకూడదు. అలాంటి బెదిరింపు వస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. తల్లిదండ్రులు ఆ సమయంలో పిల్లల్ని తిట్టకుండా పక్కన నిలబడాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

మా ఊళ్లో అప్పు మాట వస్తే ఏడుకొండలవాడే కుబేరుడికి వడ్డీ కడుతున్నాడు, మనమెంత అంటారు. బాధలో ఉన్నవారు ఆ మాటతో సర్దిచెప్పుకుంటే నేను కాదనను. అప్పిచ్చేవాడు ఆ మాట అని కొత్త కార్డు చేతిలో పెట్టడం మాత్రం నాకు నచ్చదు.

ఇప్పుడు మాకు నెలకు కట్టాల్సింది సంఘానికి అసలు 2,500, మొదటి నెల వడ్డీ 500, తరువాత తగ్గుతూ వస్తుంది. బంగారానికి 750, బండికి 2,300. మొత్తం 6,050. అవే 8,000 రూపాయలు, అదే టీ, అవే కూరగాయలు. మిగిలే 1,950 బంగారం అసలుకు కడుతున్నాం. బండి వాయిదాలు అయిపోయాక ఆ 2,300 చిన్నాన్నకు వెళతాయి.

అధికారులను ఒకటి అడుగుతున్నాను. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త వ్యక్తిగత అప్పులన్నింటికీ, అన్ని చార్జీలూ కలిపిన వార్షిక వడ్డీని చూపుతూ ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అదీ అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో. నేను చూసినవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, అదీ ఫోను తెర మీద చీమతలల అక్షరాల్లో. తెలుగు పత్రం లేనిదే సంతకం పెట్టించకూడదని జిల్లా బ్యాంకర్ల సమావేశంలో గట్టిగా చెప్పాలి. జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు బ్యాంకు వేళల్లోనే ఉంటే దుకాణాల్లో, లాడ్జిల్లో పనిచేసేవారు ఎలా వెళతారు? వారానికి ఒక్క సాయంత్రమైనా, మునిసిపల్ పాఠశాల గదిలోనైనా కూర్చుని, వచ్చినవారి అప్పులు కాగితం మీద రాసి, ఏది ముందు తీర్చాలో, ఏది ఎక్కడికి మార్చాలో చెప్పే మనిషిని పెట్టాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. రోజూ బంగారం ధర, వెండి ధర వేస్తున్నారు. దాని కింద వారానికి ఒక్కసారి చిన్న పెట్టె కట్టి, ఊళ్లో నడిచే ఒక్కో అప్పు అసలు వడ్డీ ఏడాదికి ఎంతో, నూటికి నెలకు ఎన్ని రూపాయలో వేయండి. వారపు ఫైనాన్స్, నగల తాకట్టు, కార్డు, వడ్డీ లేదని చెప్పి ముందే చార్జీలు పట్టుకునే ఫోన్ల వాయిదాలు, అన్నీ వరుసగా రావాలి. మొదటి వారం రోజుకు వంద రూపాయల కార్డుతో మొదలుపెట్టండి. లెక్క కావాలంటే నేను వేసి పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి